గుర్రం అవ్వ రుచి చూడని పొట్లం

పోయిన బుధవారం పొద్దున అంగడి తలుపు సగం ఎత్తి ఉన్నాను. పాల వ్యాను నడిపే మనిషి బండి ఆపి, కిందికి దిగకుండానే, "అన్నా, గుర్రం అవ్వ పోయిందంట. తెల్లారకముందే, మబ్బులోనే పోయిందంట" అన్నాడు. పాలు ఎక్కడ విరిగిపోతాయోనని అతని తొందర అతనిది. ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. నేను ఎత్తిన తలుపు దించి తాళం వేసి నడిచాను. చెప్పులు అంగట్లోనే మరిచిపోయానని ఆమె ఇంటికి పోయే దారిలో కంకర గుచ్చుకున్నాక గానీ తెలియలేదు.

ఆమెను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. రాతికూసానికి కట్టేసిన గుర్రం చెవులు నిక్కించి అటే చూస్తోంది. తెల్లవారి ఇంతసేపైనా ఎవరూ దానికి నీళ్లు పెట్టలేదు. ముందు రెండు బక్కెట్లు తెచ్చి తొట్టిలో పోశాను. అది తాగడం మొదలుపెట్టాకే ఆమె కాళ్ల దగ్గరికి పోయాను. ముందు ఆమె దగ్గరికి పోయి, తర్వాత గుర్రం సంగతి చూసి ఉంటే, లేచి తిట్టి ఉండేది.

నేను గుమ్మఘట్టలో పశువుల దాణా, మందులు అమ్ముకుంటాను. ఆమె నాకు చుట్టం కాదు, మా గేరి వీధుల్లో ఉండే మనిషీ కాదు. ఊరంతా గుర్రం అవ్వ అనేది, నేనూ అవ్వా అనే పిలిచేవాణ్ని. ఆమె గురించి రాసేందుకు నాకంటే దగ్గరి వాళ్లున్నారు. కానీ నా చేతి మీదుగా ఆమెకు ఒక కీడు జరిగింది. బతికినన్నాళ్లూ ఆమె దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పవలసింది నేనే.

ఆమె భర్త రాయదుర్గం స్టేషన్ నుంచి చుట్టుపక్కల పల్లెలకు జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చాక జట్కా మూలకు చేరింది. ఆయన పోయాక, పిల్లలు లేని ఒంటరి ఆడది గుర్రాన్ని ఏం మేపుతుందని, అమ్మేయమని అందరూ చెప్పారు. ఆమె అమ్మలేదు. జట్కాకు అలవాటు పడిన ఆడగుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు, మెరవణికి మళ్లించింది. దాని కడుపున పుట్టిందే బంగారి. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. నేను అంగడి పెట్టేనాటికి మెరవణికి వస్తున్నది బంగారే. పెళ్లికొడుకు పైన కూర్చుంటే, కొంగు నడుముకు బిగించి పగ్గం పట్టుకుని ఆమె ముందు నడిచేది. చేతిలో చిన్న బెత్తం ఉండేది. దాన్ని వాడగా ఎవరూ చూడలేదు.

ఎవరి పెళ్లికైనా పోయేది. ఒకసారి ఒక పల్లెలో కూలిచేసుకునే వాళ్ల పిల్లవాడు గుర్రమెక్కకూడదని కొందరు పెద్దమనుషులు ముందురోజే వచ్చి ఆమెకు చెప్పిపోయారు. ఆమె వాళ్లకు మజ్జిగ ఇచ్చి, విని, మర్నాడు మామూలుగానే పగ్గం పట్టుకుని పోయింది. ఏమన్నా అంటారని భయం లేదా అని తర్వాత అడిగాను. "గుర్రానికి బరువు తెలుస్తాదప్పా, కులం తెల్దు. తెల్సిండేది నాకు, నేను మర్సిపోయినా" అంది.

ఆమెకున్న ఒక అలవాటును చూసి మా అంగట్లో జనం నవ్వుకునేవాళ్లు. గుర్రానికి కొనేది ఏదైనా ముందు తను నోట్లో వేసుకునేది. ఉలవల సంచిలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి నాలుగు గింజలు తీసి నమిలేది. తవుడు నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, పాతదా కొత్తదా చెప్పేది. ముక్కిన తవుడు మొదట తీపిగానే ఉండి చివర్లో గొంతు దగ్గర చేదు తగులుతుందని నాకు నేర్పింది ఆమే. ఎవరైనా నవ్వితే పట్టించుకునేది కాదు. "నోరు లేనిదానికి మన నోరే నోరు" అనేది. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చేది కాదు.

వరసగా రెండేళ్లు వానలు పోయిన కాలం అది. బుడ్డల పంట, అదే వేరుశనగ, ఊడలు దిగకముందే ఎండిపోయింది. పచ్చిగడ్డి అనేది కంటికి లేదు. బళ్లారి వైపు నుంచి వచ్చే ఎండు చొప్పే అందరి పశువులకూ దిక్కు. ఆ ఏడు కుందుర్పిలో ఒక పెళ్లిలో డప్పు మోగగానే బంగారి పక్కకు ఎగిరిందట. అంతకుముందు బాంబులు పేలినా కదలని గుర్రం. ఈగ వాలకపోయినా భుజం మీద చర్మం అదిరేది. మెడ కట్టెలాగా బిగుసుకునేది. పెళ్లికొడుకు పడిపోయుంటే ఏం గతి అని ఆమె మెరవణిలు మానుకుని పశువుల ఆసుపత్రికి పోయింది.

అక్కడి డాక్టరమ్మ చూసి, పళ్లూ గిట్టలూ అన్నీ పరీక్ష చేసి, మేతలో మెగ్నీషియం తక్కువై ఉండొచ్చు, కొద్దికొద్దిగా పెట్టి చూద్దాం అంది. ఇది మంత్రం కాదనీ, లోపముంటేనే పనిచేస్తుందనీ, లేకపోతే ఊరికే పేడలో పోతుందనీ గట్టిగా చెప్పి పంపింది. అట్లా అవ్వ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పట్నం నుంచి సీలు వేసిన డబ్బా తెప్పించి ఇచ్చాను. దాని మీద పొడిలో అసలు మెగ్నీషియం నూటికి ఎంతో, ఏ తడవ తయారైందో, ఎప్పటిదాకా వాడొచ్చో అంతా రాసి ఉంది. ఆమె చదవలేదు. మూత తీసి చిటికెడు నాలిక మీద వేసుకుంది. "చప్పగా మట్టి మాదిరి ఉండాది. ఇదేం మందప్పా" అంది. మంచిది అట్లే ఉంటుందని డాక్టరమ్మ ఫోనులో చెప్పాకే తీసుకుపోయింది.

నెలన్నరకు గుర్రం మెత్తబడింది. మందు వల్లనో, మధ్యలో రిజర్వాయరు కాలువ గట్టున దొరికిన కాస్త పచ్చిక వల్లనో, రెండూ కలిసో, డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. అవ్వ మాత్రం నా అంగడి వల్లనే అనుకుంది. ఆ తర్వాత ఒక శనివారం ఆమె తవుడు సంచి మూతి కట్టి, రుచి చూడకుండానే భుజాన వేసుకుంది. ఉలవలు కూడా చూడలేదు. నాకు ఎంత గర్వమేసిందంటే, ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఇన్నేళ్లలో ఏ మనిషీ నన్ను అంత పెద్దగా మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు బంగారికి చూలు నిలిచింది. విడపనకల్లు దగ్గర ఎవరికో మంచి మగగుర్రముందని విని, ఆమె నాలుగు రోజులు దాన్ని నడిపించుకుని పోయి, అక్కడే ఉండి, మళ్లీ నడిపించుకుని వచ్చింది. ఆ జట్కా గుర్రం కొమ్మకు ఇదే చివరి చిగురు. ఆరో నెల నుంచే మెరవణిలు మానేసింది. డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం మందు మాత్రం మానలేదు. అంగడికి వచ్చినప్పుడల్లా, మగపిల్లైనా ఆడపిల్లైనా ఒకటే, పగ్గానికి అలవాటు చేసేదాకా నేను బతికుంటే చాలు అనేది.

ఆ ఎండాకాలంలో డబ్బాలు రావడం ఆగిపోయింది. మాకు సరుకేసే ఏజెంటు ఒకడు ఒక తెల్ల ప్లాస్టిక్ సంచి దింపి, అదే సరుకే, డబ్బా ఒక్కటే లేదు అన్నాడు. సంచి మీద పేరు లేదు, రాత లేదు. ఎక్కడో రేకుల షెడ్డులో పడివున్నట్లుంది, ఒక మూల చెమ్మ తగిలి గడ్డలు కట్టింది. నేను ఆ గడ్డలను తూకం రాయితో చితక్కొట్టి, కవర్లలో పొట్లాలు కట్టి, ఒక్కోదానికీ మా అంగడి చీటీ పిన్ను కొట్టాను. నీళ్లలో వేసి చూడలేదు. నాలిక మీద పెట్టుకోలేదు. రాత లేదన్నది నా కళ్లకు కనబడింది. కనబడనట్లు ఊరుకున్నాను. అందులో ఒక పొట్లం ఆమె చేతికి నేనే ఇచ్చాను. ఆమె రుచి చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బంగారి పడిపోయిందని తెలిసి పోయాను. రెండు రోజులుగా పేడ నీళ్లలాగా పారుకుంటోందట. తొట్టి ఎండిపోయి ఉంది. మా వైపు ట్యాంకరు వచ్చి అప్పటికి నాలుగు రోజులు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తాగడానికి దాచుకున్న నీళ్లు తలా ఒక బిందె తెచ్చి పోస్తున్నారు. నేనూ మా ఇంట్లో ఉన్న రెండు క్యాన్లు తెచ్చాను. డాక్టరమ్మ సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడింది. అవ్వ గుర్రం తలను ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో దాని నోరు తుడుస్తూ ఉంది. ఏడవలేదు. దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది.

మూడో రోజు పొద్దునకు బంగారి లేచి నిలబడింది. కానీ అంతకుముందే, నెలలు నిండకుండా, చచ్చిన పిల్లను ఈనింది. ఆడపిల్ల. తల్లికున్నట్లే నుదుట తెల్లచుక్క. అవ్వ తన భర్త కంబళి తెచ్చి దాన్ని చుట్టింది. ఇంటి వెనక పూడ్చడానికి గుంత తవ్వింది నేనే. గడ్డపార దిగని నేల. ఒక్కో దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. తవ్వుతున్నంతసేపూ ఆమెను ఎట్లా ఓదార్చాలా అనే ఆలోచించాను. ఆ పిల్ల చావుకూ నా అంగడికీ సంబంధం ఉంటుందన్న ఊహే నాకు రాలేదు.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే ఆమె అంగడికి వచ్చింది. అప్పటికింకా ఎవరూ రాలేదు. బల్ల మీద నావి రెండు గాజు గ్లాసులుంటే, రెండింట్లోనూ నీళ్లు పోసింది. కొంగులోంచి పాత డబ్బా తీసి, అడుగున మిగిలిన పొడి ఒక దాంట్లో వేసింది. నా పొట్లంలోని పొడి రెండో దాంట్లో వేసింది. రెండూ కలియబెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. కాసేపటికి డబ్బా పొడి సున్నపుమడ్డిలాగా అడుగుకు దిగింది. నా పొడి చాలావరకు నీళ్లలో కరిగిపోయి, అడుగున ఇసుకలాంటిది కొంచెం మిగిలింది.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఎండ వల్ల అయి ఉంటుందన్నాను. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువన్నాను. గుర్రానికి వయసు మీద పడింది కదా అన్నాను. ఇవన్నీ నా నోటి మాటలే.

ఆమె అన్నీ విని, రెండో గ్లాసు నా ముందుకు జరిపింది.

"నేను నిన్ను తిట్టనీకి రాలేదప్పా. రుచి సూడు" అంది.

ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. ఉప్పుతో కలిసిన చేదు. అది నాకు తెలిసిన రుచే. కడుపు జాడించడానికి పశువులకు ఇచ్చే భేది ఉప్పు నేను అమ్మేదే. చూలుతో ఉన్న గుర్రానికి, నీళ్లు లేని రోజుల్లో, పూటపూటా నేను పెట్టించింది అది. మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను.

"ఎప్పుడూ నాలిక మీద పెట్టుకోని సూసేదాన్ని. నీ అంగట్లోది గదా అని సూడలేదు. నాది గూడా ఉండాది తప్పు" అంది. తర్వాత లేచి, "ఇంగెవురికన్నా ఇచ్చినావా?" అని అడిగింది. తలూపాను. "పో. తెచ్చుకో పో" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె వెనకే అంగడి మూసేశాను. పొట్లాలు తీసుకున్న ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. కొందరు తిట్టారు. కానీ బంగారి సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పుడర్థమైంది, ఆమె ఏ ఒక్కరి దగ్గరా నోరు విప్పలేదని. ఏజెంటుకు ఫోను చేస్తే తనకు ఎవరో వేశారన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. ఫిర్యాదు ఇచ్చాను. అది ఏమైందో ఇవాళ్టికీ తెలియదు.

డాక్టరమ్మకు నేనే సంగతి చెప్పి ఆ పొడి ఇస్తే, తనకు తెలిసిన చోట పరీక్ష చేయించింది. ఎక్కువ భాగం భేది ఉప్పు, మిగిలింది రాతిపొడి. పిల్ల పోవడానికి ఇదొక్కటే కారణమని తాను రాసివ్వలేననీ, కానీ అంత పారుడు తర్వాత నిలవడం కష్టమనీ చెప్పింది. అవ్వ ఇంటి ముందరే, నన్నూ ఆమెనూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మంచి సరుకుకు కూడా ఎన్నో గండాలున్నాయట. ఆ పొడి రాయిని కాల్చి చేసేది. కాల్పు మించితే రాయి చచ్చిపోయి, గుర్రం కడుపులో కరగక వచ్చినదారినే పోతుంది. రాయి మంచిది కాకుంటే దాంతోపాటు సీసంలాంటి విషాలు వస్తాయి. నలగ్గొట్టిన తీరును బట్టి ఒంటికి పట్టడం మారుతుంది. మూత తెరిచి పెడితే గాలికీ చెమ్మకూ గుణం తగ్గుతుంది. పొడి ఎంత తూగిందన్నది కాదు, అందులో అసలుది ఎంతుందన్నది చూడాలి, రాసి లేనిదాన్ని ముట్టుకోకూడదు అంది. అవ్వ అంతా విని, "రొట్టె మాదిరే గదమ్మా. పిండి మంచిదైనా పెనం మీద మాడిస్తే ఎవురు తింటారు" అంది.

ఆమె నా అంగడికి రావడం మానలేదు. మానేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. ప్రతి శనివారం వచ్చి, మళ్లీ మొదటి రోజుల్లోలాగే ప్రతి గింజా నోట్లో వేసుకుని చూసేది. కోపంగా కాదు, మాట కలుపుతూనే. నేను ఎదురుగా నిలబడి, ఆమె నమలడం అయ్యేదాకా చూసేవాణ్ని. డబ్బాలు మళ్లీ రావడం మొదలైనాక ప్రతిదానిలోంచి చిటికెడు తీసి నీళ్లలో వేశాను, నిమ్మకాయ పిండి సున్నపురాయి పొడిలాగా పొంగుతుందేమో చూశాను, నాలిక మీద పెట్టుకున్నాను. అవన్నీ ఆమె చూసిందో లేదో తెలియదు. రెండేళ్లు అట్లా గడిచాయి. ఒకరోజు డబ్బా చేతికిచ్చి, "చూసుకో అవ్వా" అన్నాను. ఆమె దాన్ని అట్లే సంచిలో వేసుకుంది.

"నువ్వు సూసినావు గదా" అంది.

నేను దారం వెతుకుతున్నట్లు అలమర వైపు తిరిగి, ఆమె మెట్లు దిగేదాకా అక్కడే ఉండిపోయాను.

బంగారికి మళ్లీ చూలు నిలవలేదు. ఆ పిల్ల గురించి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, ఒక్కసారి తప్ప. ఈ ఎండాకాలం ఆయాసం ఎక్కువై అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. నేను రోజు మార్చి రోజు పోయాను. పోయినప్పుడల్లా ఆమె మొదట అడిగేది గుర్రం మేత సంగతే. ఒక సాయంత్రం కిటికీ వైపు తిరిగి పడుకుని, "ఆ పిల్ల ఉండుంటే ఇప్పుడు జీను ఏసిందుము" అంది. నాలుగేళ్లుగా నా గొంతులో ఉన్న మాట అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. ఆమె చెయ్యి చాచి, నా అరచేతిని తిప్పి చూసింది.

"ఎంత గట్టి నేలప్పా అది. గుంత తవ్వి నీ చేతులు బొబ్బలెక్కినాయి. నేను సూస్తానే ఉంటి" అంది.

నేను ఏడ్చాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. తప్పు చెప్పుకోవడం మాత్రం చేతకాలేదు. ఇంటికి పంపించాక చెబుదామనుకున్నాను. పంపించిన ఐదో రోజే ఆ పాల వ్యాను నా అంగడి ముందు ఆగింది.

ఆ సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాక, ఆమె చెల్లెలు గుర్రం దగ్గర నిలబడి, నేను దీన్ని యాడ పెట్టుకోను, నీవే తోలుకపో నాయనా అంది. పగ్గం విప్పి చేతికి తీసుకున్నాను. మా ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. కానీ నాలుగిళ్లు దాటగానే బంగారి ఒక గడప ముందు ఆగింది. లాగితే రాలేదు. ఆ ఇంటామె బయటికి వచ్చి, గుర్రాన్ని చూసి, దాని ముందు ఎవరున్నారా అని చూసి, నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతికుండగా అవ్వ అక్కడ నిలబడి ఎంతసేపు మాట్లాడేదో అంతసేపూ గుర్రం అక్కడే ఉంది. తర్వాత తనే కదిలింది. ఇంకో మలుపులో ఇంకో గడప ముందు ఆగింది. దర్జీ కొట్టు ముందు ఆగింది. కాఫీ హోటలు ముందు ఆగింది. ఎక్కడ ఎంతసేపు నిలబడాలో దానికి తెలుసు. మనుషులు బయటికి వచ్చి ఊరికే చూశారు.

చివరికి మా అంగడి ముందు ఆగింది. తలుపు దించి ఉంది, మెట్ల మీద ఎండ తగ్గుతోంది. బంగారి తల వంచి, ఒక వెనక కాలు సడలించి, చాలాసేపు నిలబడాల్సిన చోట నిలబడినట్లు నిలబడింది. నేను పగ్గం వదులు చేసి, దాని పక్కనే నిలబడ్డాను.